చెరువు కనిపించని మలుపు

నేను ఒక రాతి బల్లను. కొంగలచెరువు ఒడ్డు వెంబడి వేసిన కాలిబాటలో మూడో బల్లను. మొదటి రెండింటి ముందు నీళ్లు తళతళలాడుతుంటాయి. ఫొటోలు దిగేవాళ్లందరూ వాటి మీదే దిగుతారు. నా ముందు ఒక మట్టిగట్టు, రెండు తుమ్మచెట్లు, అంతే. అయినా సరే, ఈ దారిలో అందరికంటే గొప్పదాన్ని నేనే. గొప్పలు చెప్పుకుంటున్నావా అంటారేమో, అవును, చెప్పుకుంటున్నాను. నాకు ఆ హక్కుంది.

నేను పుట్టింది బేతంచెర్ల గనిలో. నంద్యాలలో ఎవరిదో కొత్త ఇంటికి వంటింటి గట్టుగా వెయ్యడానికి నన్ను కోసి నునుపు పెట్టారు. లారీ నుంచి దించేటప్పుడు ఒక మూల విరిగింది. ఇంటావిడ నా నిలువెత్తు పొడవు చూడలేదు, అరచేయంత విరిగిన ముక్కనే చూసింది. "ఈ మూలిరిగిన బండ నా ఇంట్లో ఏంటికప్పా?" అన్నది. అప్పటి నుంచి ఒక టీ కొట్టు ముందు నీళ్ల డ్రమ్ము కింద, ఆ తర్వాత ఒక ఇంటి పెరట్లో బట్టలుతికే రాయిగా కాలం గడిపాను. నా మీద బాదిన దుప్పట్లు లెక్కపెడితే ఊరంతా కప్పుకోవచ్చు. ఆ పెరడు అడవిశాఖలో గార్డుగా పనిచేసే మద్దిలేటిది. ఉతికేది అతని మేనత్త సుంకులమ్మ.

సుంకులమ్మ ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు వండిపెట్టిన మనిషి. నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. గొంతు మాత్రం ఏమీ అరగలేదు. వీధి చివర ఉన్నవాళ్లు కూడా ఆమె కూర బాగా కుదిరిందో లేదో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు.

కొంగలచెరువు పక్కన జనం నడవడానికి దారి వెయ్యమని పైనుంచి మాట వచ్చినప్పుడు, ఆ పని మద్దిలేటి మీద పడింది. కొండలు ఎక్కేవాళ్ల కోసం కాదు, మామూలు మనుషుల కోసం. దారి మొదట్లో 'సులువైన దారి' అని బోర్డు రాయించాలి. ఎవరికి సులువు? మద్దిలేటికైతే అడవంతా సులువే. అందుకని అతను ఒక పొద్దున్నే అత్తను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఒక చేతిలో ప్లాస్టిక్ స్టూలు, జేబులో చింపిన ఎర్రగుడ్డ పేలికలు. అత్త "ఆగురా" అన్న చోటల్లా స్టూలు వేసి, పక్క చెట్టుకు ఒక పేలిక కట్టాడు. అలా రెండు పేలికలయ్యాయి. తర్వాత చిన్న మెరక. మలుపు తిరిగేసరికి ఆమెకు ఊపిరి అందలేదు. మూడో పేలిక అక్కడ పడింది.

"అత్తా, ఇంగ రెండొందల అడుగులే. ఆడ చెరువంతా కనపడ్తాది, తామరపూలు కాలికి తగుల్తాయి," అన్నాడట మద్దిలేటి.

"ఈ పొద్దుకు చాలు రా. ఈడ బల్ల వేసినాక వస్తా. వచ్చి, కడ దాకా పోతా," అన్నదట.

తిరిగొచ్చి పెరట్లో కూర్చుని వాళ్లు చెప్పుకుంటుంటే నేను విన్నాను. ఆ మాట చెప్పుకున్న తర్వాత సుంకులమ్మ నా వైపు చూసింది. "ఆ మూడో తావుకు ఈ బండే పెట్టు," అన్నది. అంతవరకూ నన్ను ఎవరూ కోరి ఎంచుకోలేదు. నాకు ఒళ్లు పులకరించింది, రాయి ఒళ్లు పులకరించదని ఎవరు చెప్పినా నమ్మకండి.

నన్ను నిలబెట్టడంలో మద్దిలేటి పడిన తంటాలు అన్నీ ఇన్నీ కావు. ఇటుకలు పేర్చి నన్ను వాటి మీద పెట్టడం, అత్తను కూర్చోబెట్టడం, లేవమనడం. ఎత్తు తక్కువైతే ఆమె చేతులు ఊనాల్సి వచ్చేది. ఎక్కువైతే కాళ్లు గాల్లో వేలాడేవి. ఒక్కొక్క ఇటుక తీసి, పెట్టి, చివరికి ఆమె ఎవరినీ పట్టుకోకుండా లేచిన ఎత్తును కర్ర మీద గీత గీసి, ఆ గీత ప్రకారం నాకు కాళ్లు కట్టించాడు.

అంతా అయ్యాక, దారి తెరవడానికి నాలుగు రోజుల ముందు, కొత్తగా వచ్చిన రేంజరమ్మ వైదేహి చూడటానికి వచ్చింది. చురుకైన పిల్ల, మంచి పిల్ల. దారి మొత్తం పది నిమిషాల్లో నడిచేసింది. నా దగ్గర ఆగి ముఖం చిట్లించింది.

"ఇక్కడేముందని బల్ల వేశావు మద్దిలేటీ? మట్టిగట్టును చూస్తూ కూర్చుంటారా? దీన్ని చివర్న, నీళ్ల దగ్గర పెట్టించు."

మద్దిలేటి తల ఊపాడు. పై అధికారికి అత్త మోకాళ్ల సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు. మర్నాడు నన్ను పెకలించి తీసుకెళ్లి తామరపూల ముందు నిలబెట్టారు. ఆ సంగతి అత్తకు చెప్పడానికీ మద్దిలేటికి నోరు రాలేదు. నిజం ఒప్పుకుంటాను, ఆ మూడు రోజులూ నేను మురిసిపోయాను. అంత అందం నా ముందు పరిచి ఉంటే మురియకుండా ఎలా ఉంటాను?

తెరిచే రోజు వచ్చింది. వైదేహి పూలగుత్తి పట్టుకుని నా మీద కూర్చుంది. మొదటి నడకకు వచ్చిన పదకొండు మంది ఆడవాళ్ల కోసం ఎదురుచూస్తోంది. సుంకులమ్మ ముందు, మిగతావాళ్లు వెనక. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఎవరూ రాలేదు. అప్పుడు మలుపు అవతల నుంచి సుంకులమ్మ గొంతు వినబడింది.

"నన్ను లేపండే! ఒక్కదాని వల్ల కాదు, నలుగురూ పట్టండి!"

వైదేహి పూలగుత్తి నా మీద పడేసి పరుగెత్తింది. అక్కడ జరిగినదంతా మాటలుగానే నా దాకా వచ్చింది. బల్ల కనబడక సుంకులమ్మ నేల మీద కూలబడింది. పడిన మనిషి లేవలేకపోయింది. నలుగురు రెక్కలు పట్టి లేపితే, అందరి ముందూ సిగ్గుతో ఏడ్చింది. మిగతావాళ్లు భయపడి వెనక్కి తిరిగారు.

"అలసిపోతే నేల మీద కూర్చోవచ్చు కదమ్మా, మెల్లగా లేవచ్చు కదా," అన్నది వైదేహి, పాపం, అర్థంకాక.

"కూచునేకి నేల చాల్దా తల్లీ?" అన్నది సుంకులమ్మ. "లేచేకి గదా రాయి!"

నా ముందు తామరపూలు ఉన్నాయి, కొంగలు ఉన్నాయి, నా మీద ఎవరూ లేరు. అంత సిగ్గు నేను టీ కొట్టు డ్రమ్ము కింద కూడా పడలేదు.

మర్నాడు పొద్దున్నే గడ్డపారలతో మనుషులు వచ్చారు. వాళ్లతో పాటు వైదేహి కూడా వచ్చి నా ఒక కొస పట్టింది. మలుపులో నన్ను దించాక, మద్దిలేటిని గీత గీసిన కర్ర అడిగి తీసుకుని, తనే నా ఎత్తు కొలిచింది.

సుంకులమ్మ వారం దాకా రాలేదు. ఇక రాదనుకున్నాను. ఎనిమిదో రోజు ఒక్కతే వచ్చింది. రొప్పుతూ వచ్చి నా మీద కూర్చుంది, విరిగిన మూల మీద అరచేయి వేసి, చాలాసేపు ఊపిరి పీల్చుకుంది. తర్వాత లేచి మలుపు తిరిగి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేసరికి ఎండ నా మీదికి వచ్చింది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి, పాదాలకు చెరువు బురద. మళ్లీ నా మీద కూర్చుని, ఎవరూ లేకపోయినా, "పోయొచ్చినా," అన్నది.

ఈసారి గొంతు పెంచలేదు. నాకు మాత్రమే వినబడేలా అన్నది. ఆ తర్వాత కుచ్చిళ్లు పిండుకుని, చేతులు నా మీద ఊనకుండానే లేచింది.