పటంలో ఖాళీ చోటు

"జయకుమారి గారూ, రెండు నిమిషాలే!" సభలో గుమాస్తా మైకులో అరిచాడు.

జయకుమారి లేచింది గానీ మైకు దగ్గరికి పోలేదు. అధికారి కుర్చీ వెనక తగిలించిన పటం ముందు ఆగింది. చిలకలూరిపేట అవతల మూతపడ్డ పురుగుమందుల ఫ్యాక్టరీ అది, పదకొండెకరాలు. సభ దాని గేటు ముందే. మట్టి తీసి పరీక్షించిన ప్రతిచోటా ఒక ఎర్ర చుక్క. మొత్తం పన్నెండు. పన్నెండు చోట్లా మట్టి బాగానే ఉందట. నేల చదును చేసి ఇళ్ల స్థలాలిస్తామని ఇప్పుడే చదివారు.

బాయిలర్ షెడ్డుకి పడమరన మాత్రం ఒక్క చుక్కా లేదు.

కారుతున్న మందు డ్రమ్ముల్ని ఆమె భర్త దావీదు పాతిపెట్టింది సరిగ్గా అక్కడే. మేనేజరు చెప్పిన పని. ఆ గోతులు తీసినవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు. దావీదు పోయేముందు ఆమె చెవిన వేశాడు. డ్రమ్ములు తీయకుండా ఇళ్లు కడితే, ఆ మందు పిల్లలు తాగే బోరునీళ్ళలోకి దిగుతుంది. అందుకే ఆమె ఒక్కడికి చెప్పింది. దావీదుతో కలిసి పనిచేసినవాడు, చర్చిలో సంఘపెద్ద, శ్యామ్ సుందర్.

"నువ్వు మాట్లాడితే గొడవంటారు వదినా. ఆఫీసర్లకి నేను చూపిస్తాగా," అన్నాడతను. ఆమె దగ్గరుండి ఆ చోటికి నాలుగు మూలలా తుమ్మకంపలు గుచ్చి చూపించింది.

తెలియనివాడు తవ్వితే ఒక్క చుక్కైనా పొరపాటున అందులో పడేది. ఇంత నేలలో అదొక్కటే తప్పించాలంటే, తెలిసినవాడే దారి చూపాలి.

ఆమె వెనక్కి తిరిగింది. ముందు వరసలో శ్యామ్ సుందర్ సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు.

"శ్యామ్, ఆఫీసర్లని తీసుకెళ్ళింది నువ్వేగా?"

"నేనే వదినా. అంతా చూపించా."

"కంపలు గుచ్చిన చోటో?"

"ఏం కంపలు?" నవ్వి అధికారి వైపు తిరిగాడు. "మా అన్న పోయిన దగ్గర్నుంచీ ఈమెకి కాస్త... మీరేం అనుకోకండి సార్."

"కాస్త ఏందయ్యా?" వెనకనుంచి వెంకటరావమ్మ కేకేసింది. "మట్టి తోలే కాంట్రాక్టు నీకొచ్చిందన్నప్పుడే అనుకున్నా!"

జనం గొల్లుమన్నారు. జయకుమారికి నవ్వు రాలేదు. దావీదు శవపెట్టెని మోసిన భుజం శ్యామ్‌ది.

షామియానా గుంజలు పాతిన గునపం పక్కనే పడి ఉంది. తెచ్చి అతని కాళ్ళముందు పెట్టింది.

"సరే, నాకు మతిపోయింది. షెడ్డు ఈ గేటు లోపలే. అందరం పోదాం పద. నేను చూపించిన చోట నువ్వే తవ్వు. మంచి మట్టి వస్తే ఊరందరి కాళ్ళూ పట్టుకుంటా."

శ్యామ్ సుందర్ గునపం వంక చూశాడు. ఒళ్ళోంచి సెల్‌ఫోన్ జారి కిందపడింది. దాన్నీ తీయలేదు, దీన్నీ తీయలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"రాసుకోండి సార్," అంది జయకుమారి. "పదమూడో చోటుంది. మీకు పన్నెండూ చూపించినాయన అక్కడ తవ్వనంటున్నాడు."

"వదినా..." గొణిగాడతను.

"అలా పిలవకు."

గునపం తనే భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది. వెనక కుర్చీలు కదిలిన చప్పుడైంది. ముందు వరసలో మాత్రం ఒక కుర్చీ కదల్లేదు.