రెండో ఇంటూ మార్కు

నెదర్లాండ్స్‌లో ఫెమ్కే పుట్టిన ఊరి చుట్టుపక్కల అన్నిటికన్నా పెద్ద అడవి జంతువు కుందేలు. అలాంటి చోట పుట్టిన పిల్ల తొమ్మిదేళ్ళప్పుడు ఒక క్యాలెండర్‌లో వోంబాట్ బొమ్మ చూసి మనసు పారేసుకుంది. ఎలుగుబంటి పిల్లకీ పందికొక్కుకీ మధ్యలో ఆగిపోయినట్టుండే ఒళ్ళు, పొట్టి కాళ్ళు, ఎవరో బుగ్గ గిల్లి పారిపోయినట్టున్న మొహం. పదమూడేళ్ళపాటు ఆ బొమ్మ గోడ దిగలేదు. జంతువుల చదువు చదివింది దానికోసమే. ఆరు వారాల శిక్షణ పేరుతో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకి ఎగిరొచ్చిందీ దానికోసమే. పిల్ల వోంబాట్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకుని సీసాతో పాలు పట్టాలి. ఆమె కల అంతే.

తల్లుల్ని పోగొట్టుకున్న జంతువుల్ని సాకే మెర్ల్ హాడ్జెట్ ఇంట్లో దిగింది. మెర్ల్‌కి అరవై ఎనిమిదేళ్ళు, ఒక మోకాలి నొప్పి, మూడు వోంబాట్లు. ఆ మూడూ పాలు మానేసి, గడ్డి మేసి, దున్నల్లా తయారైనవి. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే తొడలు విరుగుతాయి.

"మెర్ల్ గారూ, మీరు చెప్తే నేను..."

"ఆ గారు తీసి గాలికొదిలెయ్ పిల్లా. మా దేశంలో ప్రధానమంత్రినే పేరు పెట్టి పిలుస్తాం. ఇదిగో పార."

వోంబాట్ పెంటికలు పాచికల్లా నలుపలకలుగా ఉంటాయి. రెండు వారాలు ఫెమ్కే వాటినే ఎత్తిపోసింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "అద్భుతంగా ఉందమ్మా" అనేది.

మూడో వారం మెర్ల్ ఆమెకి రోడ్డు పని నేర్పింది. బండి గుద్ది చచ్చిన జంతువు కనిపిస్తే ఆగాలి. ఆడదైతే కంగారూకున్నట్టు పొట్టకుండే సంచిలో చెయ్యి పెట్టి చూడాలి, తల్లి పోయినా లోపల పిల్ల బతికి ఉండొచ్చు. చూశాక దాని మీద గులాబీ రంగు డబ్బాతో పెద్ద ఇంటూ మార్కు కొట్టాలి. 'నేను చూశాను, నువ్వు ఆగక్కర్లేదు' అని వెనకొచ్చేవాళ్ళకి కబురు.

ఆ గురువారం పొద్దున మెర్ల్ మోకాలు మొరాయించింది. రేపెప్పుడైనా పిల్ల దొరికితే ఉంటుందని నిల్వ ఉంచే పాలపొడి తేవడానికి ఫెమ్కే ఒక్కతే బయల్దేరింది. వాళ్ళ దేశంలో కుడివైపు నడుపుతారు కదా, ఇక్కడ ఎడమ. మలుపు వచ్చినప్పుడల్లా సిగ్నల్ వెయ్యబోయి వైపర్ వేసి, వాన లేకుండానే అద్దం తుడుచుకుంటూ వెళ్ళొస్తోంది. వంతెన దగ్గర రోడ్డు పక్కన ఒక వోంబాట్ పడి ఉంది.

ఆగింది. గ్లౌజులు తొడుక్కుంది. దగ్గరికెళ్ళి వంగింది, అంతే. క్యాలెండర్‌లో పదమూడేళ్ళు చూసిన మొహం అది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మీసాల మీద మంచు పేరుకుంది. చెయ్యి చాపుదామంటే చెయ్యి రాలేదు. 'మగదే అయ్యుంటుంది' అని తనకి తనే సర్దిచెప్పుకుని, మొహం పక్కకి తిప్పుకుని, రంగు కొట్టేసి బండెక్కింది.

ఆమె ఇంటికొచ్చిన కాసేపటికే డార్సీ టీకి దిగాడు. రోడ్లు బాగుచేసే మనిషి. నారింజ రంగు చొక్కా, నోటికి తాళం లేదు.

"ఏం డచ్ పిల్లా, నీ పుణ్యమా అని నాకో పని తప్పింది. వంతెన దగ్గర ఆగబోయాను. తడితడిగా నీ మార్కు కనిపించింది. హాయిగా వచ్చేశాను."

ఫెమ్కే తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. నోరు విప్పితే మెర్ల్ సామాను సర్దుకోమంటుంది, పిల్ల వోంబాట్ కాదు కదా, పిల్లికూన కూడా చేతికివ్వదు. విప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆ సంచిలో ఏమైనా ఉంటే?

"ఆడదా, మగదా?" టీ వంచుకుంటూ మామూలుగానే అడిగింది మెర్ల్.

"చూడలేదు."

"చీకట్లో కాదుగా వెళ్ళింది?"

"చూడలేకపోయాను మెర్ల్. చూడకుండానే మార్కు కొట్టేశాను."

డార్సీ కప్పు కింద పెట్టాడు. మెర్ల్ అరవలేదు. అరిచినా బాగుండేది.

"దుప్పటి తీసుకో. డార్సీ, బండి తియ్యి."

ముగ్గురూ ట్రక్కులో ఒకే సీటు మీద ఇరుక్కున్నారు. నిద్రలో కూడా మాట్లాడే డార్సీ ఒక్క మాట అనలేదు. సిగ్గుతో ఫెమ్కేకి తల ఎత్తబుద్ధి కాలేదు.

"పొమ్మంటే ఇవాళే పోతాను."

"పోవడం సంగతి తర్వాత. ముందు చెయ్యి పెట్టు."

వంతెన దగ్గర కంకర మీద మోకాళ్ళూని కూర్చుంది. వోంబాట్ సంచి నోరు వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పడకుండా. ఆ ప్రశ్నకి పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకుంది కానీ, అవి ఇక్కడ అక్కరకి రాలేదు. ఊపిరి బిగబట్టి చెయ్యి పెట్టింది. ఆడదే. లోపలంతా చల్లగా ఉంది.

"ఖాళీ! మెర్ల్, ఏమీ లేదు!" నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

మెర్ల్ నవ్వలేదు. "చనుమొన ఎంతుంది?"

"పొడుగ్గా... నా వేలంత."

"అయితే పాలు తాగే పిల్లుంది. సంచి దిగి నడిచే ఈడు. తల్లిని వదిలి దూరం పోదు. వెతకండి."

డార్సీ పొదల్లో దూరాడు. మెర్ల్ కుంటుతూ గట్టు వెంట నడిచింది. ఫెమ్కే రోడ్డు కింద తూములోకి పాకింది. బురద, చలి. చివర్న రెండు కళ్ళు మెరిశాయి. బుస్సుమని శబ్దం. చెయ్యి చాపగానే ఆ బొద్దు ముద్ద ఎగిరొచ్చి బొటనవేలు పట్టుకుంది.

"కరిచింది!" తూములోంచి ఫెమ్కే కేక. "మెర్ల్, కరిచింది!"

"ఇంత సంతోషంగా కరిపించుకున్నదాన్ని నేనెక్కడా చూడలేదు," అన్నాడు డార్సీ. మళ్ళీ నోరు వచ్చింది.

దుప్పట్లో చుట్టి కోటు లోపల పెట్టుకుంది. గడగడా వణుకుతోంది ఆ పిల్ల.

"నేను పొద్దునే చూసుంటే దీనికింత చలి తప్పేది."

"అవును," అంది మెర్ల్. ఓదార్చలేదు. రంగు డబ్బా తీసి చేతిలో పెట్టింది. "ఇప్పుడు కొట్టు."

"ఒకటుందిగా, ఎందుకు రంగు దండగ?" అన్నాడు డార్సీ.

"అది అబద్ధం డార్సీ," అంది ఫెమ్కే. పాతదాని పక్కనే ఇంకోటి కొట్టింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

వెళ్ళమని మెర్ల్ అననేలేదు. "నాలుగు గంటలకోసారి పాలు. ఫోటోలని వేళ తప్పించావో, వీపు విమానం మోత మోగిస్తా," అంది, అంతే. ఫోటోకి ఫెమ్కేకి తీరిక దొరికితేగా. పాలు పట్టడం, కరిపించుకోవడం, మిగతా వేళల్లో రోడ్డు పని. అలా మూడు వారాలు గడిచిపోయాయి.

వెళ్ళే రోజు విమానాశ్రయానికి డార్సీయే దింపుతున్నాడు. దారిలో గడ్డి అంచున వాలబీ అనే చిన్న కంగారూ ఒకటి చచ్చి పడి ఉంది, దాని మీద గులాబీ రంగు ఇంటూ. డార్సీ కాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

"ఇది నీదేనా?"

"నాదే. నిన్న పొద్దున."

డార్సీ బండి ఆపలేదు.