ఖాళీ గళ్లు

మా వాషర్‌మెన్‌పేట్ దుకాణంలో చీరల మూట విప్పగానే సరుకు అరల్లోకి పోదు. ముందు సరుకు చూసే యతిరాజులు ఒక్కో చీరనూ వెలుతురులో పరిచి చూస్తాడు. చిన్న చిరుగైతే రఫూకు పంపుతాడు, బాగుపడనిదైతే పక్కన పడేస్తాడు. ఆయన రాని రోజు డామేజీ సరుకు ఊరంతా పోతుంది.

ఆసుపత్రిలో డాక్టర్ సెలీనా మాటలు వింటుంటే ఆయనే గుర్తొచ్చాడు. ఒంట్లో ప్రతి కణంలోనూ అలాంటి కాపలా జన్యువు ఉందట. కణం రెండయ్యే ముందు, దెబ్బతిని ఉంటే ఆపుతుంది, బాగు చేయిస్తుంది, బాగుపడకపోతే చంపిస్తుంది. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒకటి. కొన్ని కుటుంబాల్లో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటుంది. రెండోది కూడా ఏదో ఒక కణంలో చెడితే, ఇక దాన్ని ఆపే దిక్కుండదు. అదే క్యాన్సర్‌కు దారి.

నా చెల్లెలు చంద్రకళకు ముప్పై నాలుగేళ్లకే రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, సోమవారం నుంచి రేడియేషన్. మాది అలాంటి కుటుంబమైతే ఆ కిరణాలే కొత్త గడ్డలు పుట్టించవచ్చని డాక్టరు చెప్పింది. కాగితం మీద మా వాళ్లందరికీ గళ్లు గీసి, జబ్బు వచ్చినవాళ్ల గడి నల్లగా నింపుతానంది.

"మా ఇంట్లో ఆ జబ్బు ఎవురికీ లేదమ్మా," అంది చెల్లమ్మత్త, మా నాన్నకు అక్క.

అలవాటుగా నేనూ తల ఊపాను. అలాగైతే సోమవారం ఆపనక్కర్లేదంది డాక్టరు. చంద్రకళ నమ్మకంగా నా వైపు చూసింది. నా మీద నాకే ఒళ్లు మండింది. మచ్చ చూపించకుండా ఒక్క చీర అమ్మనివాణ్ని, సొంత చెల్లెలి దగ్గర దాస్తున్నాను.

"రాసుకోండి," అన్నాను. "మా నాన్నకు నలభై ఒకటో ఏట మెదడులో గడ్డ. ఊరికి గుండెపోటని చెప్పాం. ఈ అత్తకు ఒక రొమ్ము తీసేశారు. చీముగడ్డని చెప్పాం."

అత్త నా చెయ్యి పట్టుకుంది. "సుమ్మా, ఊరికే ఉండరా వరదా. చిన్మయికి సంబంధం చూస్తా ఉండాం. ఈడ చెప్పింది ఆడ తెలిస్తే నీ కూతుర్ని ఎవురు చేసుకుంటారు?"

"చేసుకోకపోతే పోనీ. బతికి ఉండాల కదా అత్తా? నీ మర్యాదకు ఇంకా ఎంతమంది కావాల?"

డాక్టరు వైపు తిరిగాను. "అత్త కొడుకు అమరనాథ్. తొడ ఎముకలో గడ్డ. విషజ్వరమని చెప్పాం. తొమ్మిదేళ్లకే పోయాడు."

అత్త నా చెయ్యి వదిలేసింది. డాక్టరు ఆ గడి నింపి, కింద తొమ్మిది వేసింది.

"ఎనిమిదమ్మా," అంది అత్త, కాగితం మీద వేలు పెట్టి. "తొమ్మిది నిండలా."

డాక్టరు అంకె దిద్దింది. సోమవారం కొట్టేసి, చంద్రకళ రక్తపరీక్షకు చీటీ రాసింది.