తలకిందులైన పద్దెనిమిది మీటర్లు

"ఆ కాగితాలు కాస్త పక్కకి తియ్యమ్మా, కూరగాయలు ఎక్కడ పెట్టమంటావ్?" అంది అత్తగారు.

ఆవిడ అన్నదీ నిజమే. భోజనాల బల్ల మీద చెంచా పెట్టే చోటు కూడా లేదు. నాలుగు వందల పన్నెండు పరిశోధన వ్యాసాలు మూడు కుప్పలుగా పడి ఉన్నాయి. కోడలు ఒక కుప్పని కుర్చీ మీదికి మార్చి, బీన్స్ ఈనెలు తీస్తూనే ఒళ్ళో ఉన్న వ్యాసం చదువుకుంది. ఈనె ఎక్కడుందో వేళ్ళకు తెలుసు. కళ్ళతో వాటికి పని లేదు.

ఆమె ఒక చమురు సంస్థ పరిశోధన కేంద్రంలో భూగర్భ శాస్త్రవేత్త. బావి తవ్వేటప్పుడు భూమి లోపలి నుంచి రోకలిబండల్లాంటి రాళ్ళు తీస్తారు. వాటినే కోర్ అంటారు. ఆ రాళ్ళను మీటరు పొడవు పెట్టెల్లో వరసగా పేర్చి, తడిపి, భూతద్దంతో చూసి, ఆమ్లం చుక్క వేసి, ఏ లోతున ఏ రాయి ఉందో, దాని సందుల్లో నూనె ఉందో నీళ్ళున్నాయో అంగుళం అంగుళం రాసిపెట్టడం ఆమె పని. పన్నెండేళ్ళుగా అదే చేస్తోంది. భర్తదీ అదే సంస్థ. ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు, "మా అబ్బాయి చమురు తీస్తాడు, కోడలు రాళ్ళు కడుగుతుంది" అని చెప్పేది. అందులో వెటకారమేమీ లేదు. ఆవిడ నిజంగానే అలా అనుకునేది. అందుకే కోడలికి మరీ ఒళ్ళు మండేది.

ఈ వ్యాసాల బరువు నెత్తిన పెట్టింది డిపార్ట్‌మెంటు పెద్ద. "మన రంగంలో పరిశోధనలు ఎటు పోతున్నాయో ఓ నివేదిక కావాలమ్మా, వార్షిక సమావేశానికి. మీకైతే ఓపికెక్కువ. మగాళ్ళకి అంత నిదానం ఎక్కడిది?" అన్నాడు. మూడేళ్ళుగా ఆ నిదానం ఆమెదీ, నివేదిక మీద పేరు ఆయనదీ. నిరుడు చివరి పేజీలో, సహకరించిన వారి జాబితాలో, జెరాక్సు తీసినాయన తర్వాత ఆమె పేరు పడింది, అదీ అచ్చుతప్పుతో. చూపిస్తే, "ఎవరో అర్థమవుతుంది లెండి" అని నవ్వాడు.

అయినా చదవడం ఆమెకు ఇష్టం. అదే వచ్చిన చిక్కు. ఇష్టమైన పని చేసేవాళ్ళకి ఎవరూ ఋణపడరు. పదేళ్ళ కిందటి వ్యాసాలన్నీ బండరాతిని పగలగొట్టి గ్యాసు ఎలా పిండాలన్న గోలే. ఆ తర్వాత, ఖాళీ అయిన చమురు పొరల్లోకి బొగ్గుపులుసు వాయువును తిరిగి ఎలా దింపాలన్న ఆలోచన. ఇన్నాళ్ళూ తవ్విపోసి, ఇప్పుడు తప్పు పూడ్చడమన్నమాట. ఇక ఈ రెండేళ్ళుగా అందరిదీ ఒకటే జపం: కంప్యూటరుకి నేర్పిస్తే రాతిని అదే చదువుతుందట. మూడో కుప్పంతా అదే.

ఆ కుప్పలోనే, ఆదివారం మధ్యాహ్నం, కుక్కర్ రెండో కూత వేస్తుండగా ఒక పట్టిక ఆమె కంట పడింది. "కాఫీ పొడి రంగు, వేలితో రుద్దితే తడి చక్కెరలా రాలుతుంది." ఆ కింద, "గట్టిగా ఉంది, పాత సబ్బుబిళ్ళలా చీలికలు." ఆ మాటలు ఆమెవే. రాతిని సబ్బుబిళ్ళతో పోల్చే భూగర్భ శాస్త్రవేత్త ప్రపంచంలో ఇంకొకరు ఉండరు. మూడువేల పెట్టెల రాళ్ళకు ఆమె రాసిన వర్ణనలన్నీ కంప్యూటరుకి పాఠంగా పెట్టారు. అవి ఎక్కడివో ఒక్క ముక్కలో తేల్చేశారు: "సంస్థలో అందుబాటులో ఉన్న సమాచారం." తను అందుబాటులో ఉన్న సమాచారం! వ్యాసకర్తలు నలుగురు. మొదటి పేరు డిపార్ట్‌మెంటు పెద్దది. చివరి పేరు తన భర్తది.

కుక్కర్ ఆరో కూత వేసింది. "ఏమ్మా, మాడి మసైపోతోంది!" అని అత్తగారు కేకేసినా ఆమె లేవలేదు.

భర్త సోఫాలో ఫోను చూసుకుంటున్నాడు. ఆమె ఆ పేజీ తెచ్చి అతని ముందు పెట్టింది. "ఇది ఎవరు రాశారో మీకు తెలియదా?"

"ఓ, అదా. ప్రచురించారా? చెబుదామనే అనుకున్నా."

"రెండేళ్ళు ఈ బల్ల మీదే కూర్చుని రాశాను. మీరు ఎదురుగా కూర్చుని భోంచేశారు."

"ఇదిగో, ఇలా తీసుకోకు. నువ్వు ఆఫీసు పనే చేశావు, మేమూ ఆఫీసు పనే చేశాం. ఆలోచన మాది. నువ్వు రాసింది జస్ట్ డేటా." మళ్ళీ ఫోనులోకి చూస్తూ అన్నాడు: "మన ఇంట్లో ఒకరి పేరు పడితే ఇద్దరిదీ పడ్డట్టే కదా."

మరి పడింది నా పేరైతే మీకు అలాగే అనిపించేదా, అన్న మాట గొంతుదాకా వచ్చి ఆగింది. ఆగడం దానికి అలవాటే. ఆమె వంటింట్లోకి వెళ్ళి మాడిన గిన్నెలో నీళ్ళు పోసి, మళ్ళీ ఆ పేజీలు తిప్పసాగింది, కోపంతోనే. ఆ కోపంలోనే చివరి పట్టిక దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

ఏడో నంబరు బావి. పద్దెనిమిది మీటర్ల కోర్. పైభాగం నీళ్ళ ఇసుక, అడుగున నూనె ఇసుక అని రాసి ఉంది. అది తప్పు. బావి దగ్గర ఎవరో పెట్టెల మీద పైనా కిందా గుర్తులు తారుమారు చేశారు. ఆమె కూడా మొదట అలాగే రాసుకుంది. ఏడాది తర్వాత మళ్ళీ చూసినప్పుడు, ఆ రాతిలో ఒకప్పటి సముద్రపు పురుగులు తొలుచుకున్న బొరియల నోళ్ళన్నీ కిందికి ఉన్నాయి. ఏ పురుగూ పాతాళం వైపు వాకిలి పెట్టుకోదు. అంటే కోర్ మొత్తం తలకిందులుగా ఉందన్నమాట. నూనె పైన, నీళ్ళు అడుగున. ఆ దిద్దుబాటు రిజిస్టరులో తేదీ వేసి రాసింది. దాన్ని తెరిచి చూసిన నాథుడు లేడు.

మూతపడ్డ ఆ బావిని ఈ గురువారమే మళ్ళీ తెరుస్తున్నారు. మిగతా కొలతలన్నీ పాడైపోయాయి కాబట్టి, ఈ వ్యాసం చెప్పిన లోతులోనే, నూనె లోపలికి వచ్చేందుకు గొట్టానికి రంధ్రాలు కొడతారు. కొడితే నూనె రాదు, ఉప్పునీళ్ళు ఎగదన్నుతాయి. బావి ఇక ఎందుకూ పనికిరాదు.

చెప్పగానే భర్త ఫోను పక్కన పెట్టాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "సరే, మంచి పని చేశావు. వివరాలు నాకు పంపు. కంప్యూటర్ మోడల్‌లో చిన్న సవరణ చేశామని మేమే చెప్పేస్తాం. పెద్దాయన పరువు పోకుండా ఉంటుంది" అన్నాడు.

సోమవారం పెద్దాయన దగ్గరికి వెళ్తే ఆయనా అదే పాట. "రిజిస్టరులో రాస్తే ఎవరు చూస్తారమ్మా? మీవారి చెవిన ఓ మాట వేస్తే పోయేది కదా! ఇప్పుడు దీన్ని రచ్చ చెయ్యకండి. మేం చూసుకుంటాం. అన్నట్టు, సమావేశానికి వచ్చేవాళ్ళ టీలూ అవీ కాస్త మీరే చూడండి. ఆడవాళ్ళ చెయ్యి పడితే ఆ తీరే వేరు."

తిరిగి తన గదికి నడుస్తుంటే ఆమెకు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. ఇన్నేళ్ళూ తను చేసింది ఇదే కదా అనుకుంది. కూరలో ఉప్పెక్కువైతే ఎవరికీ తెలియకుండా సరిచేసినట్టు, భర్త లెక్కల్లో తప్పుల్ని, పెద్దాయన నివేదికల్లో తప్పుల్ని సరిచేసి, ఎవరి పరువు వాళ్ళకి మడతపెట్టి అందించింది. తప్పు చేసినవాడికి ఉన్న పేరు దిద్దినదానికి లేదు. ఈసారి కూడా దిద్ది ఇస్తే బావి బతుకుతుంది, నిజమే. కంప్యూటరు ఎంత తెలివైనదో అని ఇంకో వ్యాసం కూడా వస్తుంది. దాన్ని వచ్చే ఏడాది మళ్ళీ తనే చదివి, మూడో కుప్పలో పెట్టాలి.

ఆమె తలుపు వేసుకుంది. బొరియల ఫొటోలూ, రిజిస్టరు పేజీ నకలూ జతచేసి, బావి దగ్గరి చీఫ్ ఇంజనీరుకు నేరుగా రెండు పేజీల ఉత్తరం రాసింది. పని ఆపండి, ఎందుకంటే ఇది, ఆధారం ఇది, దీన్ని కనిపెట్టింది నేను. కింద సంతకం. పెద్దాయనకీ, భర్తకీ ఒక్కో ప్రతి పంపింది. తర్వాత వార్షిక నివేదిక తెరిచి, మొదటి పేజీలో పెద్దాయన పేరు కొట్టేసి తన పేరు వేసుకుంది. అచ్చుతప్పు లేకుండా.

బుధవారం సాయంత్రం ఇంట్లో ఫోను మోగింది. అత్తగారు తీసి, "వాడింకా రాలేదండీ" అంది. అవతల ఏమన్నారో, ఆవిడ ఫోను కోడలికి అందించింది. "వాడి కోసం కాదట. నీకట."

చీఫ్ ఇంజనీరుది బొంగురు గొంతు. "పని ఆపించాం మేడం. మీరే వచ్చి పెట్టెలన్నీ పరిచి, ఎక్కడ రంధ్రాలు కొట్టాలో చూపించాలి. బండి పొద్దున ఆరింటికి వస్తుంది."

భర్త వచ్చేసరికి ఆమె సంచీ సర్దుకుంటోంది. అతను చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు. "పెద్దాయన నామీద నిప్పులు కక్కుతున్నాడు. నాతో ఒక్క మాట చెప్పి పంపొచ్చుగా?"

"మీతోనే మొదట చెప్పాను," అంది ఆమె.

ఆమె సంచీలో భూతద్దం, ఆమ్లం సీసా, రెండు జతల బట్టలు పెట్టడం అతను చూస్తూ నిలబడ్డాడు. వెనక అత్తగారు, "రేపు వంట సంగతి?" అని అతన్నే అడుగుతోంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అన్నాడు చివరికి.

పెళ్ళైన పన్నెండేళ్ళలో, అతను బావుల దగ్గరికి బయల్దేరిన ప్రతిసారీ ఈ గుమ్మంలో నిలబడి ఆ ప్రశ్న వేసింది ఆమె. అతను ఎప్పుడూ తలెత్తకుండానే ఒకే మాట చెప్పేవాడు. ఆమె మాత్రం సంచీ జిప్పు లాగి, తలెత్తి, అతని కళ్ళలోకి చూసి అదే మాట చెప్పింది.

"పనయ్యాక."