మూడుసార్లు కడిగిన సీసా

మా అక్క అత్తగారికి నా మీద ఎంత గురి అంటే, నేను సంతకం పెట్టిన నీటి రిపోర్టుని ఆవిడ పొయ్యి పైన గోడకి అతికించుకుంది. అది నా గొప్పతనానికి గుర్తుగా కాదు, కోడలి తప్పుకి సాక్ష్యంగా. నెల్లాళ్లలో ఆ ఇంట్లో రెండోసారి వాంతులు, విరేచనాలు. ఈసారి అక్క రెండేళ్ల కూతురు ఆసుపత్రి పాలైంది. "నీళ్లు మంచివని నీ చెల్లెలే రాసిచ్చింది. ఇక మిగిలింది నీ వంటే" అని ఆవిడ తేల్చేసి, అక్కని వంటగది గడప తొక్కనివ్వడం మానేసింది.

నేనూ తక్కువ తినలేదు. నీటి పరీక్షల ల్యాబు నా చేతిలోనే ఉంది. మూడు నెలలుగా ఆ వీధి నుంచి వచ్చిన ఏ సీసాలోనూ ఒక్క క్రిమి కనపడలేదు. అందుకని ఫోన్లో అక్కకి చేతులు ఎలా కడుక్కోవాలో క్లాసు పీకాను. తను ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

ఆ తరువాత నాకు అన్నం సహించలేదు. మర్నాడు వీధుల్లో సీసాలు నింపుకొచ్చే బాబాయ్ వెంట నేనూ బయల్దేరాను. ఆయన నాకు చుట్టమేమీ కాదు. శుభ్రం పిచ్చి చూసి ల్యాబులో అందరూ కడుగుడు బాబాయ్ అంటారు. ఈ పనిలోకి వచ్చి మూడు నెలలైంది. అక్క వాళ్ల వీధి కుళాయి దగ్గర ఆయన పనితనం చూస్తే ముచ్చటేసింది. కుళాయి మూతి తుడిచాడు, మంటతో కాల్చాడు, కాసేపు నీళ్లు వదిలాడు. ఆపైన మా సీసా మూత తీసి, లోపలికి చూసి, మొహం చిట్లించి, అవే నీళ్లతో మూడుసార్లు కడిగి పారబోశాడు.

"అయ్యో, ఏం చేస్తున్నారు బాబాయ్!"

"ప్రతి సీసాలోనూ అడుగున తెల్లగా ఏదో పొడి ఉంటోందమ్మా. మీవాళ్లు సరిగ్గా కడగట్లేదు. వచ్చినప్పటి నుంచి నేనే కడిగి నింపుతున్నా. బయటికి చెప్తే మీ పరువు పోతుందని నోరు మెదపలేదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పొడి మేం కావాలని వేసేది. సీసాలో పడ్డ నీళ్లలోని క్లోరిన్‌ని అది అక్కడికక్కడే ఆపేస్తుంది. పొడి లేకపోతే, ల్యాబుకి వచ్చే రెండు గంటలూ క్లోరిన్ తీరిగ్గా క్రిముల్ని చంపుకుంటూ కూర్చుంటుంది. పైగా ట్యాంకు మరమ్మతని రెండు నెలలుగా ఆ వీధికి పంపు దగ్గరే క్లోరిన్ కలిపి నేరుగా నీళ్లు వదులుతున్నారు. క్లోరిన్ పని చేయడానికి అరగంట కావాలి, ఆ నీళ్లేమో రెండు నిమిషాల్లో గ్లాసులోకి వచ్చేస్తున్నాయి. అంటే వీధివాళ్లు బతికున్న క్రిముల్ని తాగుతుంటే, నేను వాటి శవాలకి పరీక్ష చేసి దర్జాగా సంతకాలు పెడుతున్నానన్నమాట.

కడగని సీసాలో నీళ్లు పట్టించి తెచ్చాను. మర్నాటికి పరీక్ష గొట్టంలోని ఊదారంగు మందు, నీళ్లలో క్రిములున్నాయనడానికి గుర్తుగా, పసుపుపచ్చగా మారి బుడగలు కక్కింది. ఆ గొట్టం తీసుకెళ్లి బాబాయ్‌కి చూపించాను. ఆయన్ని నాలుగు దులుపుదామని నోరు తెరిచాను గానీ, ఆ పొడి సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదని గుర్తొచ్చింది. చెప్పాల్సింది నేనే.

ఆ నీళ్లు తాగొద్దని వీధంతా చెప్పించి, కొత్త రిపోర్టు పట్టుకుని అక్క ఇంటికి పరుగెత్తాను. పాప ఆ ఉదయమే ఆసుపత్రి నుంచి వచ్చింది, సగమైపోయి అక్క భుజం మీద నిద్రపోతోంది. అత్తగారు కాగితం రెండుసార్లు చదివి లోపలికి వెళ్లిపోయింది.

"తప్పు నీ వంటది కాదక్కా, నీళ్లదే" అన్నాను, ఏదో వరమిచ్చినదానిలా.

అక్క మొహంలో సంతోషం లేదు. పాపని రెండో భుజానికి మార్చుకుంది.

"మొదట్నుంచీ దీనికి నీళ్లు కాచే పట్టేదాన్ని. పోయిన నెల వచ్చినప్పుడు చూసి నవ్వావు. 'నేను పరీక్ష చేసిన నీళ్లు కూడా కాస్తావేంటక్కా, గ్యాస్ దండగ' అన్నావు. గుర్తుందా?"

నాకు గుర్తులేదు. అందుకు ఇంకా సిగ్గేసింది.

"ఆ రోజే మానేశాను" అంది అక్క.