ముందు పిల్లలున్న పడవ

జులై నాలుగో తేదీ తెల్లవారుజామున నాడీన్ పద్నాలుగు మందికి సరిపడా బంగాళాదుంపలు ఉడకబెట్టి, తొక్క తీసి, మయొనైజ్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టింది. మొక్కజొన్న పొత్తులు ఒలిచింది. పీతలు ఉడికించే పెద్ద గిన్నె తోమి బోర్లించింది. అమెరికా స్వాతంత్ర్య దినం, పండగపూట ఇంటినిండా చుట్టాలు. అత్తగారు ఇర్మా కాఫీ తాగుతూ, "ఆగిపోయిన పడవలకి తాడు కట్టి లాగడం, అదీ ఒక ఉద్యోగమేనా అమ్మాయ్?" అంది. ఆరేళ్ళుగా అంటూనే ఉంది. నాడీన్ ఈ వేసవితో ఆ పని మానేస్తోందని మొగుడు గ్లెన్ చుట్టాలందరికీ చెప్పేశాడు కూడా. ఆమెని అడగలేదు, చెప్పేశాడంతే.

వచ్చే ఏడు పడవ తీసుకుంటుందో లేదో సాయంత్రంలోగా చెప్పమంది ఆ లాగుడు పడవల యజమానురాలు ప్రూయిట్. నాడీన్ ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకునే తీరికేదీ? ఇంట్లో ఆమె ఆలోచన ఒక్కటీ చివరిదాకా వెళ్ళదు. సగంలో ఎవరో తువ్వాలు అడుగుతారు, ఎవరో ఉప్పు అడుగుతారు.

నాడీన్ పడవ తీసేసరికి చీసపీక్ అఖాతం మీద ఎండ పొగలా కమ్ముకుంది. నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. రేడియోలో మొదటి పిలుపు ఇంజను చచ్చిన తెరచాప పడవ నుంచి. అందులోని పెద్దమనిషి ఆమె భుజం మీదుగా తొంగిచూసి, కెప్టెన్ ఏడమ్మా అన్నాడు. నేనేనండీ అని తాడు విసిరింది. ఇలాంటివి రోజుకి మూడైనా ఉంటాయి.

బరువు లాగేటప్పుడు తొందర పనికిరాదు. మెల్లగా, ఇంజను జోకొట్టినట్టు మూలుగుతుంటే, మనసు దానంతటది నీళ్ళమీద పరుచుకుంటుంది. పెళ్ళైన కొత్తలో ఆమెకి ఏ రంగు ఇష్టమో కూడా గ్లెనే చెప్పేవాడు. నీలం, అనేవాడు చుట్టాలతో. ఆమె ఊఁ అనేది. ముందున్న నీళ్ళని చూసింది. బూడిదా కాదు, పచ్చా కాదు, లోపల ఎక్కడో కాస్త గులాబీ. ఇదీ నాకిష్టమైన రంగు, దీనికి పేరు లేదు, అనుకుంది. పెళ్ళైన ఇరవై ఆరేళ్ళకి ఈ సంగతి తెలిసినందుకు నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి.

మధ్యాహ్నానికి పిలుపులు ముసురుకున్నాయి. ఇంజను ఆగిపోయి వంతెన స్తంభాల వైపు కొట్టుకుపోతున్న పడవలో ముగ్గురు పిల్లలు. ఆమె అటు తిరిగిందో లేదో, రేడియోలో గ్లెన్ గొంతు. చుట్టాలని సొంత పడవలో షికారు తిప్పుతూ, లోతు దారి చూపే ఎర్ర గుర్తు చుట్టూ వెళ్ళమని ఆమె ఇరవైసార్లు చెప్పినా అడ్డదారి పట్టి, పోటు తీసి నీళ్ళు తగ్గిన వేళ పడవని ఇసుకదిబ్బ ఎక్కించాడు.

"నాడీన్, ముందు ఇటు రా. అందరిముందూ పరువు పోతోంది."

"ఎవరికైనా దెబ్బ తగిలిందా? నీళ్ళు లోపలికొస్తున్నాయా?"

"లేదు."

"అయితే లంగరేసి కూర్చో. ముందు పిల్లలున్న పడవ."

"నేను నీ మొగుణ్ణి."

అఖాతంలో రేడియో ఉన్న ప్రతి పడవా వింది. నాడీన్‌కి చెంపలు మండాయి. మళ్ళీ మైకు నొక్కింది.

"తెలుసు. పోటు ఎక్కేసరికి నాలుగవుతుంది. అప్పుడొస్తాను."

పిల్లల్ని ఒడ్డుకి చేర్చి, నాలుగింటికి వెళ్ళేసరికి గ్లెన్ మోకాళ్ళలోతు నీళ్ళలో పడవని తోస్తూ చెమటలు కక్కుతున్నాడు. ఇర్మా ఆమె మొహం చూడలేదు. "ఇంటికెళ్ళగానే ప్రూయిట్‌కి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పు, సరేనా" అన్నాడు గ్లెన్ తాడు అందుకుంటూ, ఎప్పటిలాగే.  నాడీన్ అతణ్ణి పడవెక్కమని చెప్పి, దిబ్బ మీంచి మెల్లగా లాగింది.

తాడు పొడుగు వంద అడుగులు. అంత దూరం నుంచి ఎవరూ తువ్వాలు అడగలేరు. వెనక ఇంటిల్లిపాదీ వస్తున్నా నీళ్ళమీద ఎంత నిశ్శబ్దం! పొద్దున సగంలో వదిలేసిన ఆలోచన మళ్ళీ వచ్చింది, ఈసారి చివరిదాకా వెళ్ళింది. ఫోన్ పక్కనే ఉంది. నాడీన్ రేడియో తీసుకుంది. గ్లెన్ రేడియో ఇంకా తెరిచే ఉందని ఆమెకి తెలుసు.

"ప్రూయిట్ గారూ, వచ్చే ఏడాదికి నా పేరు రాసుకోండి. ఆ పై ఏడాదికి కూడా."