డెల్మా దిద్దిన వరద గీత

ఊరి హాల్లో గోడకు అతికించిన కొత్త పటం చూడగానే డెల్మాకు ఒళ్లు మండిపోయింది. రాబోయే ఇరవై ఏళ్లలో కొత్త ఇళ్లు ఎక్కడ కట్టాలో కౌన్సిల్ వేసిన ముసాయిదా అది. ఇళ్లకు పనికొచ్చే నేలకు పసుపు రంగు, వరద ముంచే నేలకు నీలం. హాలు చుట్టూ ఉన్న మిట్టంతా నీలమే! అభ్యంతరాలకు ఈ సాయంత్రం ఐదింటితో గడువు సరి. అప్పటికే మూడున్నర అయింది.

మనవరాలు టానీ రాజీనామా కాగితం బ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది. ఊరి ఆసుపత్రిలో నర్సు. అద్దెకు ఒక్క ఇల్లు దొరక్క మూడేళ్లుగా కారవాన్ పార్కులో, చక్రాల బండింట్లో పసిబిడ్డతో కాపురం. మిట్ట మీద ఇళ్లు రాకపోతే నగరానికి వెళ్లిపోతానని పొద్దున తెగేసి చెప్పింది.

కౌన్సిల్ ప్లానర్ ఫర్గస్ బల్ల దగ్గర తీరిగ్గా టీ తాగుతున్నాడు. డెల్మా నేరుగా అతని మీదకు వెళ్లింది.

"ఏమయ్యా, మిట్ట మీదకు వరద ఎలా వచ్చింది? నిచ్చెనేసుకుని ఎక్కిందా?"

"నన్నంటే ఏం లాభం డెల్మా గారూ? ఆ స్తంభం చూడండి, డెబ్బై నాలుగో సంవత్సరంలో వచ్చిన వరద గీత. సర్వేవాళ్లు దాని ఎత్తు కొలిచి, ఆ మట్టం కన్నా కిందున్న నేలంతా నీలం పూసేశారు."

స్తంభానికి ఛాతీ ఎత్తున తెల్లటి గీత. హాలు కమిటీ కార్యదర్శిగా ఏటా దానికి రంగు దిద్దేది డెల్మాయే. ఆమె గీతను చూసింది, పటాన్ని చూసింది, మళ్లీ గీతను చూసింది.

"ఓరి దేవుడా! నీళ్లు ఇంత ఎత్తుకొస్తే మిట్ట కిందున్న పబ్బు కప్పుతో సహా మునగాలి కదయ్యా! ఆ మూడు రోజులూ మేం పబ్బు మేడ వరండాలో కూర్చుని బీర్లు తాగాం. కాళ్లకు తడి కూడా అంటలేదు!"

"అయితే ఈ గీత అబద్ధమంటారా?"

"గీత నిజమే. హాలే అప్పుడిక్కడ లేదు! వాగు గట్టున ఉండేది. ఎనభై మూడులో లారీలకెత్తి ఇక్కడికి తెచ్చాం. గీత కూడా దాంతోపాటే మిట్టెక్కింది!"

చెక్క ఇళ్లను లారీ మీద మరో చోటికి తరలించడం భూమధ్యరేఖకు దక్షిణాన, సూర్యుడు ఉత్తరం వైపుగా తిరిగే ఆ ప్రాంతంలో వింతేమీ కాదు. అయినా ఫర్గస్ తల అడ్డంగా ఊపాడు.

"రికార్డుల్లో ఆ మాట లేదండీ. రుజువు కావాలి."

"రుజువు మీద కుర్చీ వేసుకుని రుజువడుగుతావేం? లే ముందు!"

డెల్మా కింద పరచిన తివాచీని ఒక్క గుంజు గుంజింది. నేలపలకల మీద ఈ గోడ నుంచి ఆ గోడదాకా తిన్నటి కోత.

"ఒక్క లారీకి పట్టక రంపంతో రెండు ముక్కలు కోశాం. నలభై ఏళ్లుగా దీని మీదే డాన్సులాడుతున్నాం. పద వాగు దగ్గరికి, దీని కింద నిలబెట్టిన పాత మొద్దులు ఇంకా అక్కడే ఉన్నాయి!"

ఫర్గస్ సర్వే సామాను బండిలో పడేశాడు. వాగు గట్టున ముళ్లపొదలు ఇద్దరి చేతులూ గీరేశాయి. హాలును మోసిన మొద్దులు ఒక్కొక్కటే బయటపడుతుంటే డెల్మా డెబ్బై ఆరేళ్ల వయసు మరిచి కేకలు పెట్టింది. ఫర్గస్ మట్టం కొలిచి టోపీ గాల్లోకి విసిరాడు.

"తొమ్మిది మీటర్ల తేడా! మిట్టకు వరద భయమే లేదండీ!"

హాలుకు తిరిగొచ్చాక, ఐదుకు ఎనిమిది నిమిషాలుందనగా డెల్మా అభ్యంతరం మీద ముద్ర పడింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన టానీ చేతులు పట్టుకుంది డెల్మా.

"ఏటేటా ఆ గీతను మెరిపించింది నేనేనే తల్లీ. నిన్ను ఊళ్లోంచి తరమబోయింది నా చేతి రంగే."

"ఇప్పుడు తుడిచింది కూడా నువ్వేగా అమ్మమ్మా!"

ఫర్గస్ తన దగ్గరున్న పటంలో మిట్టకు పసుపు పూస్తూనే హెచ్చరించాడు.

"తొందరపడకండి. ఇంకా సమావేశం, ఓటు, పైవాళ్ల ఆమోదం ఉన్నాయి. అంతా సవ్యంగా జరిగినా ఇళ్లు లేచేసరికి రెండేళ్లు."

టానీ బ్యాగులోంచి రాజీనామా కాగితం తీసింది. టానీ దాన్ని బల్ల మీద తిరగేసి, ఖాళీగా ఉన్న వెనకవైపు నాలుగు గోడలు గీసింది.

"వంటింటి కిటికీ ఉత్తరానికి పెట్టించాలి అమ్మమ్మా. చలికాలం ఎండ అటునుంచేగా వచ్చేది."